పూత గీకేయాలా, వద్దా? ఫ్యాక్టరీ కత్తికి మార్పుల మీద చర్చ

నల్లకత్తి:
నా దగ్గర కేబార్ వాళ్ల బెకర్ బీకే2 ఉంది. పావు అంగుళం మందం, 1095 క్రో-వాన్ అనే కార్బన్ స్టీలు, అలుగు నిండా నల్లటి గరుకు పూత. కట్టె చీలుస్తుంటే ఆ పూత చెక్కకి పట్టేసి కత్తి ముందుకు జారట్లేదు. ఫెర్రో రాడ్‌ని (నిప్పు రాజేసే కడ్డీ) కత్తి వెన్నుతో గీస్తే రవ్వలకి బదులు పూత రాలుతోంది. అందుకే మొత్తం గీకేసి, వెనిగర్‌తో బూడిదరంగు తెప్పించి, ప్లాస్టిక్ పిడి తీసేసి మైకార్టా అనే గట్టి పలకతో పిడి బిగిద్దామని ఉంది. మా తమ్ముడేమో "బాగా పనిచేస్తున్నదాన్ని కెలకడం ఎందుకు?" అంటున్నాడు. మీరేమంటారు?

సానరాయి:
మీ తమ్ముడి మాటే నా మాట. ఆ పూత సోకు కోసం వేసింది కాదండీ. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే స్టీల్లో క్రోమియం కనీసం 10.5 శాతం ఉండాలి. మీ కత్తిలో అది నామమాత్రం. పూత తీసేస్తే ఆ రోజు నుంచి తుడవడం, నూనె రాయడం మీ డ్యూటీ. ఇంకోటి, పూత కింద అద్దంలాంటి స్టీలు ఉంటుందని ఆశ పెట్టుకోకండి. ఎలాగూ రంగు కప్పేస్తుంది కదా అని కంపెనీవాళ్లు లోపల నున్నగా చేయరు. గీతలు, గుంటలు బయటపడతాయి. అవన్నీ సాండ్ పేపర్‌తో పోగొట్టేసరికి భుజాలు పడిపోతాయి.

తుప్పుతో_స్నేహం:
సానరాయి గారూ, ఒక్క సంగతి వదిలేశారు. తుప్పు పడితే ఎక్కువ నష్టం పదును అంచుకే. అక్కడ ఫ్యాక్టరీలోనే పూత ఉండదు, ఉంటే తెగదు. అంటే తుడిచే డ్యూటీ నల్లకత్తి గారికి ఇప్పుడూ ఉన్నట్టే.

వెనిగర్ సంగతికొస్తే, ఎర్ర తుప్పు పొరలుగా ఊడుతుంది, తేమని పట్టి ఉంచుతుంది, కింద ఇనుముని తింటూ పోతుంది. వెనిగర్‌తో వచ్చే ముదురు పొర స్టీలుకి అంటిపెట్టుకుని ఆ తినడాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది. కార్బన్ స్టీలు ఓపినెల్ మడతకత్తితో పుల్లటి పండ్లు కోసేవాళ్ల కత్తి దానంతటదే నీలి బూడిదరంగుకి తిరిగేది కూడా ఇలాగే. చేతితో చేయాలంటే ముందు జిడ్డు పూర్తిగా పోవాలి. సబ్బుతో కడిగి, అసిటోన్‌తో తుడిచి, ఆ తర్వాత అలుగుని వేళ్లతో తాకొద్దు. ఒక్క వేలిముద్ర పడినా అక్కడ మచ్చ తేలుతుంది (నా మొదటి కత్తి మీద నా బొటనవేలు ఇప్పటికీ చదవొచ్చు). గోరువెచ్చటి వెనిగర్‌లో ముంచి, పది నిమిషాలకోసారి తీసి తుడిచి చూసుకోండి. రంగు నచ్చగానే బేకింగ్ సోడా నీళ్లలో కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి. రాత్రంతా నానబెడితే ఆమ్లం పదునుని కూడా తినేస్తుంది.

సానరాయి:
అంచు విషయం ఒప్పుకుంటున్నా. కానీ "కాస్త నెమ్మదింపజేస్తుంది" అన్నది మీరే. తడి ఒరలో నాలుగు రోజులు పెడితే మీ బూడిదరంగు మీద ఎర్రచుక్కలు లేస్తాయి.

కాలిన_చెయ్యి:
రంగు గొడవ మీరిద్దరూ తేల్చుకోండి. నా భయం వేరు. గీకడం మొదలుపెట్టినవాడు గీకడంతో ఆగడు, "పనిలో పనిగా అలుగు కొంచెం పలచన చేద్దాం" అంటాడు. నేనూ అన్నాను. బెంచ్ గ్రైండర్ మీద పెట్టాను, రెండు నిమిషాల్లో అంచు దగ్గర నీలిరంగు తేలింది. ఇలాంటి స్టీలుని గట్టిపరిచాక సుమారు 200 డిగ్రీల దగ్గర టెంపర్ చేస్తారు, అంటే పెళుసుదనం తగ్గేలా మళ్లీ కాస్త వేడిచేస్తారు. నీలిరంగు వచ్చిందంటే వేడి 300 డిగ్రీల దాకా పోయినట్టు. అక్కడ గట్టిదనం పోతుంది, నీళ్లలో ముంచినా తిరిగి రాదు. తర్వాత ఒక గట్టి కణుపు మీద వేటు వేస్తే అంచు రేకులా మడత పడింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, ఆ నీలిభాగం పోయేదాకా మళ్లీ అరగదీశాను, ఈసారి చేత్తో. అర సెంటీమీటర్ వెడల్పు పోయింది.

మెషీన్ తప్పదంటే చేతికి గ్లవ్స్ వేసుకోకుండా పట్టుకోండి. వేలికి వేడి తగలగానే నీళ్లలో ముంచండి. వేలు ఓర్చుకోగలిగే వేడికి టెంపర్ ఏమీ కాదు.

కొత్తవాణ్ణి:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది మోరా కంపెనీవాళ్ల కంపానియన్ కత్తి. దానికి పూత గొడవ లేదు కానీ వెన్నుతో రవ్వలు రావు. ఏం చేయాలి?

తుప్పుతో_స్నేహం:
వెన్ను మూలలు గుండ్రంగా ఉండటమే కారణం, తమ్ముడూ. గరుకు రాయి మీద కత్తిని నిలువుగా పట్టుకుని, వెన్ను చదునయ్యేదాకా రుద్దు. మూల గోటికి గుచ్చుకోవాలి. అంచు నీ వైపే ఉంటుంది కాబట్టి ముందు టేపు చుట్టెయ్. అదే కంపెనీ గార్‌బర్గ్ అనే కత్తికి ఈ పని చేసే ఇస్తారు.

కాలిన_చెయ్యి:
మైకార్టా అన్నారు కాబట్టి ఇదొకటి. అది గుడ్డనో కాగితాన్నో రెసిన్‌లో ఒత్తి చేసిన పలక. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మంచి మాస్క్ పెట్టుకుని, తడిపి రుద్దండి. చెక్క పిడి వేసి లిన్‌సీడ్ నూనె పట్టించేవాళ్లు తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడేయొద్దు, దానంతటదే అంటుకుంటుంది. విప్పి, పరిచి ఆరబెట్టండి.

నల్లకత్తి:
పది రోజులు ఆలోచించి సగం పని చేశా. వెన్ను మీద, అంచుకి పైన రెండు వేళ్ల మేర మాత్రం పూత తీశా. చెక్కని పట్టేది ఆ భాగమే. రవ్వలు బాగా పడుతున్నాయి, కట్టెలో కత్తి సాఫీగా దిగుతోంది. పిడి జోలికి పోలేదు. మరలు విప్పాక కూడా నా అరచేతికి ఆ ప్లాస్టిక్‌తో ఇబ్బందేమీ లేదని తెలిసి మళ్లీ బిగించేశా. చూడటానికి మాత్రం బొచ్చు ఊడిన కుక్కలా ఉంది. మా తమ్ముడు నవ్వుతున్నాడు.

సానరాయి:
అందం గురించి నేనేమీ అనను. పూత ఆగిపోయిన గీత వెంట నూనె మర్చిపోకండి, తేమ ఆ అంచు కిందికే దూరుతుంది.

తుప్పుతో_స్నేహం:
లేదా మిగతా సగం కూడా గీకేయండి.