ఇన్‌స్పెక్షన్‌కు ముందే మెయిన్ ప్యానెల్ ఛార్జ్ చేయొచ్చా (కరెంటు ఇవ్వొచ్చా)?

సైట్ సూపర్‌వైజర్, కొండాపూర్:
అన్నలకు నమస్తే. స్టిల్ట్ ప్లస్ ఐదు అంతస్తులు, 20 ఫ్లాట్లు. 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కింది. 250 ఆంపియర్ల మెయిన్ ఎంసీసీబీతో (పెద్ద బ్రేకర్) ప్యానెల్ నిలబెట్టాం, ఫ్లాట్ల డీబీల (డిస్ట్రిబ్యూషన్ బోర్డుల) దాకా వైరింగ్ అయిపోయింది. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఇంకా రాలేదు. లిఫ్టు వాళ్లు త్రీఫేజ్ కావాలంటున్నారు. టెంపరరీ మీటర్ నుంచి కేబుల్ తెచ్చి మెయిన్ ప్యానెల్‌కు కలిపేద్దామంటున్నాడు మా ఎలక్ట్రీషియన్. కలపొచ్చా?

లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్:
వద్దు తమ్ముడూ. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుంది. ప్యానెల్‌కు 415 వోల్టులు ఇచ్చి ఎవరైనా మెయిన్ ఎంసీసీబీ ఎత్తితే (ఆన్ చేస్తే), అవతల హెచ్‌టీ బుషింగుల (ట్రాన్స్‌ఫార్మర్ హై వోల్టేజీ వైపు టెర్మినళ్ల) మీద దాదాపు 11 వేల వోల్టులు పుడతాయి. లైను ఇంకా ఇవ్వలేదు కదా అన్న నమ్మకంతో దిమ్మె మీద పనిచేసేవాడి ప్రాణం పోతుంది. ఇక చట్టం సంగతి. 11 కేవీ (11 వేల వోల్టుల) ఇన్‌స్టలేషన్‌ను ఇన్‌స్పెక్టర్ అనుమతి లేకుండా ఛార్జ్ చేయకూడదు. టెంపరరీ మీటర్ కరెంటును మంజూరు కాని అవసరానికి వాడితే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్‌తో బిల్లు వేస్తారు.

లిఫ్టుకు దారి వేరే ఉంది. టెంపరరీ మీటర్ త్రీఫేజ్‌దై, మంజూరైన లోడు సరిపోతే, అక్కడి నుంచి విడిగా ఆర్మర్డ్ కేబుల్ (పైన ఉక్కు తీగల కవచం ఉన్నది) లాగి లిఫ్టు ఐసొలేటర్ (లిఫ్టు సప్లై కట్ చేసే స్విచ్) దగ్గర సైట్ డీబీ పెట్టండి. ప్యానెల్ నుంచి వచ్చిన పర్మనెంట్ కేబుల్ లగ్గులను (కేబుల్ చివర బిగించే లోహపు తొడుగులను) ఐసొలేటర్ నుంచి విప్పేసి టేపు చుట్టండి. బ్రేకర్ ఆఫ్‌లో ఉంటే చాలనుకోకండి. చేతి మిషన్ల సాకెట్లకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే బ్రేకర్) తప్పనిసరి. లిఫ్టుకు డ్రైవ్ (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ యూనిట్) ఉంటే అదే ఆర్‌సీసీబీ మీద ఊరికే ట్రిప్ అవుతుంది, కాబట్టి లిఫ్టు కంపెనీ చెప్పిన రేటింగ్‌ది విడిగా వేయండి.

ప్యానెల్ బోర్డులు కట్టేవారు:
ఇన్‌స్పెక్టర్ వచ్చేలోపు కరెంటు లేకుండా చేసే పరీక్షలన్నీ ముగించండి. 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటర్) పట్టే ముందు ట్రాన్స్‌ఫార్మర్ వైపు కేబుల్ లగ్గులు విప్పాలి. లేకపోతే వైండింగ్ గుండా ఫేజుల మధ్య సున్నా చూపిస్తుంది, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య కూడా అంతే. మీటర్లు, సర్జ్ ప్రొటెక్టర్లు, కెపాసిటర్లు, ఎలక్ట్రానిక్ రిలేలు విడదీయండి. ఒక్కో జత మీద నిమిషం పట్టి రీడింగు రాసుకోండి.

సైట్ సూపర్‌వైజర్:
నిన్న మెగ్గర్ పెడితే బ్లూ ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 3 మెగా ఓమ్‌లు వచ్చింది. 1 దాటితే పాసే కదా సార్?

ప్యానెల్ బోర్డులు కట్టేవారు:
ఐఎస్ 732 (వైరింగ్‌కు భారతీయ ప్రమాణం) ప్రకారం 1 మెగా ఓమ్ కనీస హద్దు. కొత్త ప్యానెల్ వందల్లో చూపాలి. ఒక్క ఫేజే 3కి పడిందంటే అక్కడేదో ఉంది. అడుగు ప్లేటు విప్పి, టార్చి వేసి బస్‌బార్ (ప్యానెల్‌లో కరెంటు మోసే లోహపు పట్టీ) సపోర్టులు చూడండి. గోడలకు పుట్టీ రుద్దేటప్పుడు ప్యానెల్ తలుపు తెరిచి ఉంటే తెల్లటి పొడి సపోర్టు గాడుల్లో పేరుకుంటుంది. క్యూరింగ్ తేమ దానికి తగిలితే కరెంటు దాని మీదుగా పాకుతుంది. తడిబట్ట వద్దు. వాక్యూమ్‌తో లాగి, పొడి బ్రష్షుతో తుడిచి, వేడిగాలి పట్టి మళ్లీ మెగ్గర్ పెట్టండి. అయినా రీడింగు ఎక్కకపోతే అవుట్‌గోయింగ్ కేబుళ్లు ఒక్కొక్కటే విప్పుతూ పోండి. ఎక్కువసార్లు గ్లాండు (కేబుల్ ప్యానెల్‌లోకి దూరేచోట బిగించే భాగం) దగ్గర ఆర్మర్ తీగ కోర్‌ను (లోపలి ఇన్సులేషన్ ఉన్న వైరును) గీరి ఉంటుంది.

అల్యూమినియం కేబుల్‌ను రాగి బస్‌బార్‌కు కలిపేచోట బైమెటల్ (రాగి, అల్యూమినియం కలిపి చేసిన) లగ్గే వేయాలి. బోల్టులు తయారీదారు ఇచ్చిన టార్క్‌కు బిగించి పెయింట్ గీత పెట్టండి.

లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్:
అనుమతి వచ్చాక ఛార్జ్ చేసే రోజు, అవుట్‌గోయింగులన్నీ ఆఫ్‌లో ఉండాలి. ముందు ట్రాన్స్‌ఫార్మర్‌ను లోడు లేకుండా వదిలి శబ్దం వినండి. ఎంసీసీబీ పైభాగంలో ఫేజుల మధ్య మూడు, న్యూట్రల్‌కు మూడు రీడింగులు కొలవండి: ఫేజుల మధ్య సుమారు 433 వోల్టులు, న్యూట్రల్‌కు 250. తర్వాత మెయిన్, తర్వాత ఫ్లాట్లు ఒక్కొక్కటిగా.

అన్నిటికంటే న్యూట్రల్ చూడండి. లోడు లేనప్పుడు లూజు న్యూట్రల్ కూడా మీటర్‌లో బాగానే కనిపిస్తుంది. అందుకని మీటర్ బోర్డు దగ్గర రెడ్ ఫేజు మీద మాత్రమే వెయ్యి వాట్ల హాలోజన్ వెలిగించి, ఎల్లో, బ్లూ వోల్టేజీలు చూడండి. రెడ్ పడిపోయి ఆ రెండూ 270, 300 వైపు ఎగబాకితే వెంటనే మెయిన్ దించేయండి (ఆఫ్ చేయండి). న్యూట్రల్ జాయింటు ఎక్కడో విడిపోతోంది. ఆ స్థితిలో ఫ్లాట్లకు ఇస్తే ఫ్రిజ్‌లు, టీవీలు కాలిపోతాయి.

సైట్ సూపర్‌వైజర్:
లిఫ్టును పర్మనెంట్ కేబుల్‌కు మార్చాక ఏం చూడాలి సార్?

లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్:
సైట్ డీబీ కేబుల్ ముందు పూర్తిగా విప్పండి. ఫేజ్ సీక్వెన్స్ మీటర్‌తో ఆర్‌వైబీ (రెడ్, ఎల్లో, బ్లూ) క్రమం చూడండి. లిఫ్టు దగ్గర, నీళ్ల పంపు దగ్గర, జనరేటర్ వైపు నుంచి, మూడుచోట్లా ఒకటే రావాలి. జనరేటర్ వైపు తిరగబడితే కరెంటు పోయినప్పుడల్లా లిఫ్టు ఫేజ్ రిలే (ఫేజుల క్రమం తప్పితే కట్ చేసే పరికరం) పడి ఆగిపోతుంది. అప్పుడు జనరేటర్ కేబుల్‌లో ఏవైనా రెండు ఫేజులు మార్చండి, లిఫ్టు కంట్రోలర్ జోలికి పోకండి.