యెజ్డీ రోడ్‌కింగ్ వేడెక్కగానే ఆగిపోతోంది: సీలా, కండెన్సరా?

అన్నలూ, ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న రోడ్‌కింగ్ (యెజ్డీ వాళ్ల పాత టూ-స్ట్రోక్ బైకు) నాది. బండి పనికి కొత్తవాణ్ని కాబట్టి ఇప్పటిదాకా ఏం చేశానో వరసగా చెప్తాను.

బిగిసిన పిస్టన్ మీద ప్లగ్ రంధ్రంలోంచి డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి నానబెట్టాను. వదులయ్యాకే కిక్ కొట్టాను. ట్యాంకు తుప్పు వెనిగర్‌తో పోయింది, సోడా నీళ్లతో కడిగి ఆరబెట్టాను. గట్టిపడిన పెట్రోలు పైపు మార్చాను. జికోవ్ కార్బురేటర్ విప్పి జెట్లకు (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాలు) గాలి కొట్టించాను (పిన్నుతో గుచ్చలేదు, తిట్టకండి). పాయింట్ల (స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు) గ్యాప్ 0.4 మి.మీ., కొత్త 6 వోల్టుల బ్యాటరీ, లీటరు పెట్రోలుకు 40 మి.లీ. 2టి (టూ-స్ట్రోక్) ఆయిల్.

చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు కిక్కులకే అందుకుంటుంది. వేడెక్కాక యాక్సిలరేటర్ ముట్టకుండానే రేసు (ఇంజిన్ వేగం) పెరిగి, కాసేపటికి టప్పున ఆగిపోతుంది. అప్పుడు ప్లగ్ తీస్తే స్పార్క్ పసుపుగా, నీరసంగా ఉంది. పాయింట్ల దగ్గర మాత్రం రవ్వలు గట్టిగా కొడుతున్నాయి. చల్లారాక మళ్లీ మామూలే.

రవ్వలు చూస్తే కండెన్సర్ (పాయింట్ల దగ్గర రవ్వలు అణిచేది) పోయిందనిపిస్తోంది. రేసు పెరగడం మాత్రం ఎక్కడో గాలి లాగుతున్నట్టుంది. తెల్లపొగ లేదు, గేర్ ఆయిల్ తగ్గలేదు. క్రాంక్‌షాఫ్ట్‌కు క్లచ్ వైపున్న సీల్ (గాలి, ఆయిల్ లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోతే గేర్ ఆయిల్ ఇంజిన్‌లోకి వెళ్లి తెల్లపొగ వస్తుంది కదా. కాబట్టి ఆ సీల్ బాగానే ఉందనీ, అనుమానం డైనమో వైపు సీల్ మీదేననీ నా లెక్క.

ఇంజిన్ రెండుగా విడదీయకుండా, డైనమో రోటర్‌ను పుల్లర్‌తో లాగి బయటినుంచే ఆ సీల్ మార్చొచ్చా? దాని సైజెంత? పాత జావా (యెజ్డీకి మూలమైన బండి) కండెన్సర్ దొరక్కపోతే ఏ బండిది సరిపోతుంది?