అప్‌డేట్: టీహెచ్‌పీ-1 కణాల్లో టీఎన్‌ఎఫ్ ఎందుకు పెరిగిందో తేలింది

గుంటూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఈ.కోలి బ్యాక్టీరియాలో జన్యువు పెట్టి తయారుచేయించిన (రీకాంబినెంట్) మానవ ప్రొటీన్ వేయగానే టీహెచ్‌పీ-1 కణాలు (ల్యాబ్‌లో పెంచే ఒక రకం మనిషి తెల్లరక్తకణాలు) టీఎన్‌ఎఫ్-ఆల్ఫాని (వాపుకి దారితీసే సంకేత ప్రొటీన్) విపరీతంగా వదులుతున్నాయి, ఇది నిజమైన ఫలితమేనా అని అడిగాను కదా. ముందు ఎండోటాక్సిన్ (ప్రొటీన్‌తో పాటు వచ్చేసే బ్యాక్టీరియా విషపదార్థం, ఇదీ టీఎన్‌ఎఫ్‌ని పెంచుతుంది) సంగతి తేల్చుకోమన్నవాళ్ల మాటే నిజమైంది. అందరికీ ధన్యవాదాలు.

కొంత ప్రొటీన్‌ని 95 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, చల్లారాక కణాలకు వేశాను. ఆ వేడికి ప్రొటీన్ మామూలుగా చెడిపోతుంది, ఈ.కోలి పైపొరలోని ఎల్‌పీఎస్, అంటే ఆ ఎండోటాక్సిన్, మాత్రం తట్టుకుంటుంది. టీఎన్‌ఎఫ్‌ని రంగుని బట్టి కొలిచే ఎలైసా ప్లేట్‌లో వేడిచేసినదానికీ చేయనిదానికీ ఒకటే ముదురు పసుపు! ఎల్‌పీఎస్‌ని పట్టేసి పనిచేయకుండా చేసే పాలిమిక్సిన్-బి కలిపిన చోట రంగు దాదాపు లేదు. కొన్ని ప్రొటీన్లు వేడికి కూడా లొంగవు కాబట్టి ఈ రెండో పరీక్ష తప్పనిసరి అనే అంటాను.

తర్వాత హెచ్‌ఈకే-293 కణాల్లో చేసిన, ఎండోటాక్సిన్ బాగా తక్కువున్న అదే ప్రొటీన్ తెప్పించాం. అవి మనిషి కణాలు కాబట్టి దానికి చక్కెర గొలుసులు కూడా చేరతాయి. ఇక్కడి ఎండలకి పార్సిల్ ఏమవుతుందోనని టెన్షన్ పడ్డాను గానీ, పొడిగా రావడంతో ఇబ్బంది లేదు. మూత తీసేముందు వయల్‌ని సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పండి, పొడి మూతకి అంటుకుంటుంది. కరిగించాక కొంచెం కొంచెంగా పంచి మైనస్ 80లో పెట్టాను.

టీఎన్‌ఎఫ్ ఇప్పుడూ పెరుగుతోంది, కొద్దిగానే. వేడిచేస్తే పోతోంది, పాలిమిక్సిన్‌తో పోవడం లేదు. నాకు కావాల్సింది ఇదే, చాలా సంతోషంగా ఉంది. ఇక రక్తం నుంచి తీసిన మోనోసైట్లు అనే తెల్లరక్తకణాల్లో చూడాలి.