ఒక్కరోజులో ఉదయగిరి కోట, భైరవకోన, సీతారామపురం ఘాట్: బైక్ మీద అవుతుందా?

పెన్నాగట్టు:
అన్నలూ, కార్తీకంలో ఒక ఆదివారం నేనూ మా బావా బైక్ మీద పోదామనుకుంటున్నాం. తెల్లారకముందే నెల్లూరులో బయలుదేరి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి, అక్కడ కోట ఎక్కి దిగి భైరవకోన, ఆ తర్వాత సీతారామపురం ఘాట్ మీదుగా పోరుమామిళ్ల, బద్వేలు, మళ్లీ ఆత్మకూరు, ఇల్లు. బండి పల్సర్ 150. వెనక కూర్చునే బావ తొంభై కేజీలు. మ్యాప్‌లో చూస్తే అయ్యేట్టే ఉంది. చీకటి పడేలోపల ఇంట్లో ఉండాలని అమ్మ షరతు. పోయొచ్చినవాళ్లు చెప్పండి.

స్ప్లెండర్ మాస్టారు:
మ్యాప్‌కి మోకాళ్లుండవు నాయనా.

ఉదయగిరి కొండ శిఖరం 3,079 అడుగులు. మెట్లున్నాయి కదా అనుకుంటాం. పైకి పోయేకొద్దీ అవి ఎక్కడ మెట్లో, ఎక్కడ దొర్లిన రాళ్లో తెలీదు. కృష్ణదేవరాయలంతటివాడు 1513లో ముట్టడి మొదలుపెట్టి ఏడాదిన్నర పడిగాపులు పడితే గానీ గజపతుల చేతిలోంచి ఆ కోట రాలేదు. ఆ గుర్తుగా ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. మీరేమో రెండు గంటల్లో తేల్చేసి టిఫిన్‌కి దిగుదామంటున్నారు. నాకు ఎక్కి దిగడానికి పూట పట్టింది. దిగాక కిక్ కొట్టడానికి కాలు లేవలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. కోట ఎక్కాలంటే ఎండ ముదరకముందే ఎక్కాలి. భైరవకోన చూడాల్సిందీ పొద్దున్నే. అక్కడ కొండను తొలిచిన ఎనిమిది శివాలయాల్లో ఏడు తూర్పుముఖం, ఒక్కటే ఉత్తరముఖం. నేను మొదటిసారి మధ్యాహ్నం మూడింటికి పోయాను. లోపలంతా చీకటి. ఫోన్ లైటు వేస్తే గబ్బిలాల కంపూ, నూనె జిడ్డూ తప్ప ఏమీ కనపడలేదు. ఇదేనా అనుకుని జలపాతం కింద తల తడుపుకుని వచ్చేశాను. రెండోసారి ఎనిమిదిన్నరకల్లా ఉన్నాను. ఎండ ఏటవాలుగా లోపలికి పడుతోంది. స్తంభం మీద ఉలి దెబ్బలు ఒక్కొక్కటీ వేరుగా, వరి కోసిన కొయ్యకాళ్లలా కనిపించాయి. చేత్తో తడిమితే గరుకు. చెక్కినవాడు పని ఆపి మంచినీళ్లు తాగడానికి పోయినట్టుంది.

కాబట్టి రెంటిలో ఒకటి వదలండి. నన్నడిగితే కోట వదలండి.

ఇంకోమాట. కార్తీకంలో ఆదివారం, సోమవారం పోవద్దు. వనభోజనాలు, బస్సులు, మైకులు. పౌర్ణమినాడు వెన్నెల అమ్మవారి మీద పడుతుందని జనం విరగబడతారు. మంగళ, బుధవారాల్లో సెలవు పెట్టుకోండి. జలపాతానికి మాత్రం వానలు పడి నీళ్లుండే ఆ నెలలే మంచివి.

వింజమూరు కుర్రోడు:
మాస్టారూ, కోట వదలమంటారా! ఉదయగిరి దాకా పోయి కొండ ఎక్కకపోతే పెళ్లికి పోయి భోంచెయ్యకుండా వచ్చినట్టు. ముందురోజు రాత్రికే ఉదయగిరి చేరి, తెల్లారుజామున ఎక్కండి. దిగొచ్చాక ఊళ్లో చెక్క గరిటెలు చేసేవాళ్ల దగ్గర ఆగండి. అమ్మకి రెండు గరిటెలు తెస్తే షరతులు కొంచెం సడలుతాయి. భైరవకోనకి ఇంకోసారి పోవచ్చు.

పెన్నాగట్టు:
రాత్రి బయట ఉండటం కుదరదన్నా, బావకి సెలవు ఒక్కరోజే. ఆ రోజును బుధవారానికి మార్పించాను. మాస్టారి మాటే విని కోట వదిలేస్తున్నా. ఘాట్ సంగతి చెప్పండి. ఇద్దరం బరువైనవాళ్లం.

స్ప్లెండర్ మాస్టారు:
దిగేటప్పుడు రెండో గేరు. బ్రేకు మీదే కాలేసి కూర్చుంటే ఇద్దరి బరువుకి వెనక డ్రమ్ము వేడెక్కి, అసలు కావాల్సిన మలుపులో పట్టదు. మలుపు లోపలి అంచున ఇసుక పేరుకుని ఉంటుంది, అక్కడ ముందు బ్రేకు జోలికి పోవద్దు. హారన్ కొట్టడానికి మొహమాటపడొద్దు.

క్లచ్ కేబుల్ ఒకటి కొనుక్కోండి. ఆ ఘాట్‌లోనే ఒకసారి లివర్ పట్టుకుంటే చేతికి వదులుగా వచ్చేసింది. స్పేర్ కేబుల్ ఉంది, ఇంట్లో బీరువాలో. న్యూట్రల్‌లో ఇంజన్ స్టార్ట్ చేసి, మా ఆవిడ వెనకనుంచి నెడితే, బండి కదిలాక ఫస్ట్ గేరు వేశాను. ఇక ఆపడానికి లేదు, ఆపితే మళ్లీ నెట్టాలి. సరిగ్గా అప్పుడే గేదెల మంద. ఆమె ముందు పరిగెడుతూ కొంగుతో గేదెల్ని అదిలిస్తోంది, వెనక నేను డుర్రుమంటూ నడక వేగంతో. ఇప్పటికీ బంధువులొస్తే ఈ కథ ఆమే చెబుతుంది, నా కంటే బాగా.

అప్పటినుంచి కొత్త కేబుల్‌ని పాతదాని పక్కనే హ్యాండిల్ నుంచి ఇంజన్ దాకా టేపుతో కట్టేసి ఉంచుతాను. తెగితే రెండు కొసలు మార్చుకోవడమే.

ఘాట్ దిగాక పోరుమామిళ్లలో చెరువు కట్ట దగ్గర ఆగండి. 1369 నాటి శాసనం ఉంది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెక్కించారు. చెరువు ఎలాంటి చోట కట్టాలో, ఏం తప్పులు చెయ్యకూడదో కూడా. మా ఊరి కల్వర్టు కాంట్రాక్టరుకి చదివి వినిపించాలని నా కోరిక. బద్వేలులో టీ తాగి నాలుగింటికల్లా కదలండి. ఆత్మకూరు వైపు రోడ్డు మీద చీకటి పడితే ఎదురొచ్చే లారీల లైట్లకి ఏమీ కనపడదు.

పెన్నాగట్టు:
కేబుల్ కొన్నాను మాస్టారూ. టేపు కూడా. తెగితే నెట్టాల్సింది ఎవరో బావకి ఇంకా చెప్పలేదు.