‘ఇంగ్లండు సంఘం’ అనాలా, ‘ఇంగ్లండు తిరుసభ’ అనాలా?

అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లల కోసం ఇంగ్లండు చరిత్ర పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. 1534లో పార్లమెంటు చట్టం చేసి ఎనిమిదో హెన్రీని ‘చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్’కు అధిపతిగా గుర్తించింది అనే వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘ఇంగ్లండు సంఘం’ అంటే ఉద్యోగ సంఘంలా వినిపిస్తోంది. ‘తిరుసభ’ అందామంటే అది ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్ళ మాట, ఇక్కడ కుదరదని పక్కింటి మాస్టారు అన్నారు. ఏం రాయమంటారు?

*

మాస్టారు చెప్పింది సబబే. అయితే మీరు ఆగిన మాట దగ్గరే అప్పట్లో ఇంగ్లండులో తలలు తెగాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా నాయనమ్మ వాళ్ళది గుంటూరులో ఆర్‌సీఎం కుటుంబం, అమ్మ వైపు వాళ్ళు లూథరన్లు, అంటే ప్రొటెస్టెంట్లు. ఆదివారం నాయనమ్మ ‘పూజకు’ వెళ్ళేది, అమ్మమ్మ ‘ఆరాధనకు’ వెళ్ళేది. ఆవిడకు జ్ఞానస్నానం, సత్ప్రసాదం, బలిపీఠం. ఈవిడకు బాప్తిస్మం, రొట్టె, ప్రభువు బల్ల. నోరు తెరిస్తే ఎవరు ఏ గుడి మనిషో తెలిసిపోయేది.

ఇంగ్లండులో ఈ మాటల తగవును పైకి తెచ్చినవాడు విలియం టిండేల్. 1526లో జర్మనీలోని వర్మ్స్‌లో ఇంగ్లిషు కొత్త నిబంధన అచ్చు వేయించాడు. గ్రీకులో ‘ఎక్లేసియా’ అంటే ఒకచోట కూడిన జనం. దానికి ‘చర్చ్’ అని కాకుండా ‘కాంగ్రిగేషన్’ అని పెట్టాడు. ‘ప్రీస్ట్’ ఉండాల్సిన చోట ముందు ‘సీనియర్’ అని, 1534 కూర్పులో ‘ఎల్డర్’ అని మార్చాడు. ‘ప్రాయశ్చిత్తం చేయండి’ అనే చోట ‘రిపెంట్’ అన్నాడు, ‘చారిటీ’ తీసేసి ‘లవ్’ అన్నాడు. పోపు పక్షాన ఉన్న పండితుడు థామస్ మోర్ 1529లో ఏకంగా పుస్తకం రాసి ఈ మాటల మీద విరుచుకుపడ్డాడు. ఆయన భయం అర్థం లేనిది కాదు. చర్చి అంటే ఉత్త జనమే అయితే పోపు ఎందుకు? గురువు (ప్రీస్ట్) అంటే ఊరి పెద్దే అయితే పాపసంకీర్తనం, అంటే పాపాలు ఒప్పుకోవడం, ఎవరి దగ్గర చేయాలి?

ఇప్పుడు మనవాళ్ళు ఎక్కువగా చదివే తెలుగు బైబిలు తీయండి. ‘ఈ బండమీద నా సంఘమును కట్టుదును’. పెద్దలు, మారుమనస్సు, ప్రేమ. నాలుగూ టిండేల్ వైపు మాటలే! ఇది గమనించిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

*

మేడమ్, మధ్యలో ఒక సందేహం. హెన్రీ పోపును కాదన్నాడు కదా, మరి టిండేల్ ఆయనకు మిత్రుడే అవ్వాలి. పాఠంలో హెన్రీని ‘ప్రొటెస్టెంట్ రాజు’ అని రాసేశాను.

*

అది తీసేయండి, దయచేసి. పోపును ఎదిరించిన జర్మన్ గురువు లూథర్‌ను ఖండిస్తూ పుస్తకం రాసినందుకు 1521లో పోపు చేతే ‘విశ్వాస సంరక్షకుడు’ అనే బిరుదు పొందినవాడు హెన్రీ. రాణి క్యాథరిన్‌తో పెళ్ళి చెల్లదని పోపు ఒప్పుకోకపోయేసరికి అధికారం తన చేతికి తెచ్చుకున్నాడు. పూజ, నమ్మకాలు చాలావరకు పాతవే. రాజును అధిపతిగా ఒప్పుకోనందుకు 1535లో మోర్ తల తీయించాడు. మరుసటి ఏడు టిండేల్‌ను బ్రస్సెల్స్ దగ్గర విల్‌వోర్డ్‌లో చంపేశారు. మూడేళ్ళు తిరక్కుండానే, చాలావరకు టిండేల్ మాటలతోనే ఉన్న ‘గ్రేట్ బైబిల్’ రాజు అనుమతితో గుళ్ళలోకి వచ్చింది. ముఖచిత్రంలో హెన్రీయే సింహాసనం మీద కూర్చుని పుస్తకం పంచుతుంటాడు. 1540 జులై 30న లండన్ స్మిత్‌ఫీల్డ్‌లో ముగ్గురు ప్రొటెస్టెంట్లను కాల్చారు, అదే చోట ముగ్గురు క్యాథలిక్కులను ఉరితీసి ముక్కలు చేశారు. ఇలాంటి రాజుకు ఏ పేరు పెడతాం?

అసలు మార్పు ఆయన కొడుకు ఆరో ఎడ్వర్డ్ కాలంలో వచ్చింది. తొమ్మిదేళ్ళకే గద్దెనెక్కిన పిల్లవాడు, నడిపించింది పెద్దలు. 1549లో లాటిన్ పోయి ఇంగ్లిషు ప్రార్థనల పుస్తకం వచ్చింది. కార్న్‌వాల్ జనం తిరగబడ్డారు. మాలో కొందరికి ఇంగ్లిషే రాదు, ఈ కొత్త ఇంగ్లిషు మాకొద్దు అని తమ డిమాండ్లలో రాసుకున్నారు. సొంత భాష మీద ఆ పట్టుదలను మన గుంపులో తేలిగ్గా తీసుకునేవాళ్ళు ఉండరనుకుంటాను.

రొట్టె క్రీస్తు శరీరమా, ఆయన జ్ఞాపకమా అన్నదే అసలు తగవు. రొట్టె ఇచ్చేటప్పుడు గురువు అనే మాట చూడండి. 1549లో: ‘నీ కోసం అర్పించిన మన ప్రభువు యేసుక్రీస్తు శరీరం నీ దేహాన్నీ ఆత్మనూ నిత్యజీవానికి కాపాడుగాక’. 1552లో: ‘క్రీస్తు నీ కోసం చనిపోయాడని జ్ఞాపకం చేసుకుని దీన్ని తీసుకో, తిను’. మూడేళ్ళలో ‘శరీరం’ అనే మాట మాయమైంది. పుస్తకంలో ఆ భాగం శీర్షికలోంచి ‘మాస్’ (పూజ) పోయింది. రాతి బలిపీఠాల చోట కొయ్య బల్లలు వచ్చాయి. మా నాయనమ్మకూ అమ్మమ్మకూ మధ్య ఉన్న తేడా అంతా ఆ మూడేళ్ళలో ఉంది.

1553లో హెన్రీ పెద్ద కూతురు, క్యాథలిక్ అయిన మేరీ రాణి వచ్చి లాటిన్ పూజను మళ్ళీ తెచ్చింది, దాదాపు మూడు వందల మందిని కాల్పించింది. ఆ ప్రార్థనల పుస్తకం వెనక ఉన్న క్రాన్మర్ కూడా 1556లో ఆక్స్‌ఫర్డ్‌లో కాలిపోయాడు. 1559లో మేరీ తర్వాత రాణి అయిన చెల్లెలు ఎలిజబెత్ పై రెండు వాక్యాలనూ కలిపి ఒకటి చేయించింది. ముందు ‘శరీరం’, వెంటనే ‘జ్ఞాపకం’. ఎవరికి కావలసింది వాళ్ళు వినుకుంటారు. నాకు ఆవిడ చేసిన పనుల్లో అన్నిటికన్నా తెలివైనది ఇదే అనిపిస్తుంది.

ఇక మీ మాట. 1611 బైబిలు అనువాదకులకు జేమ్స్ రాజు పెట్టిన నియమాల్లో ‘చర్చ్’ను ‘కాంగ్రిగేషన్’ అనకూడదు అని స్పష్టంగా ఉంది. బిషప్పుల పీఠాలున్న వ్యవస్థే ఆ రాజులకు కావాలి. కాబట్టి ‘ఇంగ్లండు చర్చి’ అని రాయండి, అందరికీ తెలిసిన మాటే. హెన్రీకి ‘సర్వోన్నతాధిపతి’ అనండి. ఎలిజబెత్‌కు ఆ మాట వద్దు. ఆవిడ చట్టంలో ‘హెడ్’ తీసేసి ‘గవర్నర్’ అన్నారు, ‘సర్వోన్నత పాలకురాలు’ సరిపోతుంది.

*

చాలా సంతోషం మేడమ్. మరి ‘మాస్’కు పాఠమంతా ‘పూజ’ అనే ఉంచనా?

*

వద్దు. 1549 దాకా పూజ, బలిపీఠం ఉంచండి. 1552 నుంచి ప్రభు భోజనం, బల్ల. మేరీ వచ్చిన పేజీలో పూజ, బలిపీఠం మళ్ళీ రావాలి. అది మాత్రం మర్చిపోకండి.