పొద్దుగాల మంచు: వాష్‌ల మరకలెందుకొస్తున్నయ్?

చెరువుగట్టు:
చలికాలం పొద్దుగాల వరంగల్ భద్రకాళి చెరువు మీద, దాని ఎన్క గుట్ట మీద పరుచుకునే మంచును జెన్ (జపాన్ బౌద్ధ ధ్యాన సంప్రదాయం) పద్ధతిల నాలుగైదు గీతల్లోనే తేవాలని చూస్తున్న. నల్ల డ్రాయింగ్ ఇంక్, 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కార్ట్రిడ్జ్ పేపర్. లేత వాష్ (నీళ్లు కలిపిన ఇంక్ పూత) నడుమ గోబీ పువ్వు లెక్క మరకలు లేస్తున్నయ్, కాగితం వంకరపోతున్నది. ఖాళీ వదిలిన జాగ చూస్తే బొమ్మను సగంల ఆపినట్టున్నది. యాడ తప్పుతున్న?

నల్లసిరా:
సగం ఆరిన వాష్‌ల మళ్లా తడి కుంచె పెడితే ఆ పువ్వు లేస్తది. కొత్త నీళ్లు ఆరుతున్న ఇంకును బయటికి నెడతయ్, అది అంచుల పేరుకుంటది. తడి మెరుపు పోయిందంటే ముట్టుకోవద్దు, పూర్తిగ ఆరినంకనే రెండో పొర. కాగితం 300 జీఎస్ఎమ్ కాటన్‌ది తీస్కోండి. రెండు దిక్కుల తడిపి ప్లైవుడ్ మీద పరిచి, నీళ్లతోని అంటుకునే గమ్ టేప్ నాలుగు అంచులకు వేసి ఆరనియ్యాలె. మాస్కింగ్ టేప్ తడికి ఊడిపోతది. ఇంక్‌కు మూడు గిన్నెలు: చిక్కటిది ఒకటి, ఒక వంతుకు 5 వంతుల నీళ్లు ఒకటి, 20 వంతులది ఒకటి. మంచుకు ఆఖరిదే. ఆరితే ఇంకా లేతబడతది, ముందు తునక మీద చూస్కోండి. ఫ్యాన్ బంద్ పెట్టాలె. లక్క కలిసిన డ్రాయింగ్ ఇంక్ కుంచెల ఆరితే నీళ్లకు వదలదు, సుమి ఇంక్ (జపాన్ మసి సిరా) వాడండి.

ఖాళీజాగ:
మరకలకన్నా ఆ ఖాళీ సంగతే అసలుది అన్నా. 16వ శతాబ్దంల జపాన్ చిత్రకారుడు హసెగావా తోహాకు వేసిన పైన్ చెట్ల తెరలు టోక్యో నేషనల్ మ్యూజియంల ఉన్నయ్. దగ్గర్నుంచి చూస్తే ఉత్త గరుకు గీతలు, దూరం జరిగితే మంచుల చెట్లు. ఎక్కువ జాగల కాగితం అట్లనే ఉన్నది, మంచు అదే. మీరు గుట్ట చుట్టూ గీత మూసేస్తున్నరేమో. మూస్తే పక్కనున్న తెలుపు వట్టి కాగితమే అయితది. గుట్ట పైఅంచు పొడి కాగితం మీద గట్టిగ రావాలె. అడుగున ముందుగాల నీళ్లు రాసి, అవి మెరుస్తున్నప్పుడే ఇంకును దాంట్లకు వదలండి. గుట్ట మంచుల కరుగుతది, ఆ తెలుపు చెరువైతది.

రోలర్:
కాన్వాస్ మీదైతే మన దేశపు చిత్రకారుడు వి.ఎస్. గైతొండే (1924–2001) పని చూడండి. జెన్ మీద మనసున్న మనిషి. రోలర్, పాలెట్ నైఫ్‌తోని రంగు పొరలు వేసి, గీకి తీసి ఆ నిశ్శబ్దం తెచ్చిండు. అంటే ఖాళీ వదిలిపెట్టుడే కాదు, కట్టుడు కూడా.

చెరువుగట్టు:
గుట్ట గీత ఎన్ని సార్లు దిద్దొచ్చు?

నల్లసిరా:
ఒక్కసారి కూడా వద్దు. రెండించుల చదును కుంచెను నీళ్లల్ల ముంచి, పిండి, ఒక మూలకే చిక్కటి ఇంక్ పట్టించి ఒక్క గుంజుడుల వేయాలె. ఇంకున్న మూల పైకి. సుమి ఇంక్ కాగితం మీద ఆరినంక లేవదు. కుదరకపోతే కొత్త కాగితమే.