సమస్య: "గ్రుడ్డు పెట్టి తల్లి కుడిపె పాలు"

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్సులు. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

గ్రుడ్డు పెట్టి తల్లి కుడిపె పాలు

గ్రు-కు యతి సరిపోయింది కనుక నన్ను తప్పుపట్టకండి. కద్రువ, వినత గ్రుడ్లు పెట్టినవాళ్ళే కదా అని ఆదిపర్వం తెరవబోతున్నారేమో, ఈసారి పురాణాలకు సెలవు. వస్తువు జంతుశాస్త్రం. ఏలికపాముల మొదలు క్షీరదాల దాకా ఎక్కడినుంచైనా పూరించండి.

సుద్దముక్క:
గురువుగారికి నమస్కారం. బళ్ళో సైన్సు చెప్పేదాన్ని, ఇది నా కోసమే ఇచ్చినట్టుంది.

బాతు ముక్కు తోడ బలు రోమములతోడ
నీటియొడ్డు బొరియ నెలవు చేసి
ప్లాటిపస్సు చూడు పాలిండ్లె లేకుండ
గ్రుడ్డు పెట్టి తల్లి కుడిపె పాలు

నిర్వాహకుడు:
అమ్మా, ధార బాగుంది. 'ప్లాటిపస్సు'ను హ-గణాల్లో (గురువు, లఘువు జంటల్లో) ఇమిడ్చిన తీరు ముచ్చటగా ఉంది. ఒక్క సందేహం. పాలిండ్లే లేకపోతే పాలెక్కడివి?

సుద్దముక్క:
నిజమేనండీ, తొందరపడ్డాను. దానికి పాలగ్రంథులున్నాయి, చనుమొనలే లేవు. పొట్టమీద చర్మంలోంచి పాలు చెమ్మలా ఊరితే పిల్లలు నాకుతాయి. సవరణ:

ప్లాటిపస్సు చూడు పాల్గారు మొనలేక

నిర్వాహకుడు:
'పాల్గారు మొనలేక' చక్కగా కుదిరింది. ఇప్పుడు యతితోపాటు శాస్త్రమూ నిలబడింది.

పలుపుతాడు:
అక్కగారూ, ఈ జంతువు తోలు మొదటిసారి ఇంగ్లండు చేరినప్పుడు ఎవరో బాతు మూతిని కుట్టి పంపారని అనుమానించారట కదా?

సుద్దముక్క:
అవును తమ్ముడూ. 1799లో దాన్ని వర్ణించి పేరు పెట్టిన జార్జ్ షాకే ఆ అనుమానం వచ్చింది. గ్రుడ్లు పెడుతుందా లేదా అన్న తగవు మాత్రం 1884 దాకా తెగలేదు. ఆ ఏడు విలియం కాల్డ్‌వెల్ ఆస్ట్రేలియాలో బర్నెట్ నది దగ్గర స్వయంగా చూసి టెలిగ్రాం కొట్టాడు. ఎనభై ఐదేళ్ళు పండితుల్ని కూర్చోబెట్టిన సమస్య ఇది. మీరు మాకు వారమే ఇచ్చారు!

పలుపుతాడు:
నేను పశువైద్యుణ్ణి. ఛందస్సు కొత్త, పేడ పాత. దోషాలుంటే మన్నించండి.

ఎనుము దూడ కడుపునేలికపాములు
నిండి నీరుగారె నిలువలేక
పొలమునుండి వచ్చె, పొట్టలో నా పాము
గ్రుడ్డు పెట్టి తల్లి కుడిపె పాలు

నిర్వాహకుడు:
గణాలూ యతులూ నిర్దోషం. ఇబ్బంది అన్వయంలో ఉంది. 'పెట్టి' క్త్వార్థకం, అంటే ఒక పని చేసి ఇంకో పని చేయడాన్ని చెప్పే క్రియ. గ్రుడ్డు పెట్టినదీ పాలు కుడిపినదీ ఒకరే కావాలి. మీ పద్యంలో పెట్టింది పాము, కుడిపింది గేదె. పొలంనుంచి వచ్చింది పామో గేదో కూడా తేలడం లేదు.

ముంతమజ్జిగ:
మరి రెండో పాదంలో 'పాములు నిండి నీరుగారె' అన్నారుగా? నిండినవి పాములు, నీరుగారింది దూడ. అక్కడ లేని తప్పు ఇక్కడెందుకో?

నిర్వాహకుడు:
మంచి ప్రశ్న అమ్మా. 'వాన పడి పంట పోయింది' అంటాం కదా, అక్కడ మొదటిది కారణం, రెండోది ఫలం. అలాంటి చోట చెల్లుతుంది. పాము గ్రుడ్డు పెట్టడం గేదె పాలివ్వడానికి కారణం కాదు. కాబట్టి 'గ్రుడ్డు పెట్టి'ని వెనక వాక్యానికి అతికించి అక్కడ విరవండి:

పెరిగె పురుగు దూడ ప్రేగులలోపల
గ్రుడ్డు పెట్టి, తల్లి కుడిపె పాలు

పలుపుతాడు:
గురువుగారూ, దండం. మీకు తెలియకుండానే శాస్త్రం కూడా చెప్పేశారు. గేదె దూడల్లో కనిపించే ఈ ఏలికపాము (టాక్సోకారా విటులోరం) దూడకు చేరేదే తల్లి పాలల్లోంచి. పురుగు పిల్లలు గేదె ఒంట్లో కండల్లో అణిగిమణిగి పడుంటాయి. ఈనగానే పొదుగు దారి పట్టి జున్నుపాలతో దూడ కడుపులోకి దిగుతాయి. అక్కడే పెరిగి గ్రుడ్లు పెడతాయి. మూడు వారాల దూడ, పొట్ట బానలా, కాళ్ళు పుల్లల్లా ఉంటుంది. బంకమట్టి రంగు పారుడు. మందు పోసిన మర్నాడు పేడలో జానెడేసి తెల్లటి పురుగులు చుట్టలు చుట్టుకుని పడతాయి. ఇంటాయన 'శుభ్రంగా తల్లి పాలే తాగిందండీ, గడ్డి కూడా ముట్టలేదు' అని వాపోతాడు. దూడ చేసిన పొరపాటల్లా పాలు తాగడమే.

నిర్వాహకుడు:
అయితే 'తల్లి కుడిపె పాలు' అన్న మూడు మాటల్లోనే రోగకారణం ఉందన్నమాట. ఈ పూరణ నాకు మరింత నచ్చింది.

కొత్తకలం:
నాదీ ఒకటి. ఎకిడ్నా మీద.

చీమ లేరి తినెడు ముళ్లజంతు వొకటి
ఒంటినిండ ముళ్ళు నుదరసంచి
కలిగి సంచిలోనె కదలకుండ నొకటె
గ్రుడ్డు పెట్టి తల్లి కుడిపె పాలు

నిర్వాహకుడు:
నాయనా, ఊహ బాగుంది. మొదటి పాదంలో చీ-ముకు యతి చెల్లదు. రెండో పాదంలో ముళ్ళు మళ్ళీ వస్తున్నాయి కనుక ఇక్కడ 'చిత్రజంతు వొకటి' అనండి. 'ఉదరసంచి' సంస్కృత పదానికి తెలుగు పదం అతికించిన వైరిసమాసం, 'నొడలి సంచి' అంటే తీరిపోతుంది. మూడో పాదం ముట్టుకోను, బాగా నడిచింది.

కొత్తకలం:
సవరించాను, ధన్యవాదాలు. ఒక చిన్న అనుమానం. క్షీరదాల వర్గం, ఏలికపాముల వర్గం అని రెండు ఖండికలు రాద్దామనుకుంటున్నాను. శీర్షికలు సరేనా?

సుద్దముక్క:
బాబూ, రెండూ ఒక మెట్టు మీదవి కావు. ఏలికపాములు చేరే నిమటోడా ఒక వర్గం. క్షీరదాలు విభాగం, కార్డేటా అనే వర్గంలో ఒక భాగం. ఒకటి జిల్లా, ఇంకోటి మండలం అనుకో. మనమున్నాం కదా అని మన మండలాన్ని జిల్లా చేసెయ్యకూడదు. పేరుపెట్టిన నిమటోడులే 25,000 పైచిలుకు జాతులు. క్షీరదాలన్నీ కలిపి సుమారు 6,500.

ఇంకో తమాషా. 1758లో జీవులను వర్గీకరించి పేర్లు పెట్టిన లినేయస్ క్షీరదాలకు ఆ పేరు పెట్టిన పుస్తకంలోనే మన కడుపులోని ఏలికపాముకు 'లుంబ్రికాయిడిస్' అని పేరు తగిలించాడు. అంటే 'వానపాములాంటిది'. తెలుగువాళ్ళం మనమూ రెంటినీ పాములే అన్నాం. వానపాము ఒళ్ళు ఉంగరాలు ఉంగరాలుగా ఉంటుంది, ఏలికపాము ఒంటికి ఆ కణుపులు లేవు, నున్నటి తొడుగు. అయితే అది పెరిగేలోపు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. 1997లో జన్యువులు పోల్చినవాళ్ళు దాన్ని వానపాముకు దూరంగా జరిపి, అలాగే కుబుసం విడిచే రొయ్యలూ బొద్దింకలూ ఉన్న వైపు కూర్చోబెట్టారు. కుబుసం మాటకొస్తే మనవాళ్ళు పాము అన్నది మరీ తప్పు కాదు లెండి.

అన్నట్టు, క్రమాలంకారంలో ఒకటి:

ఏమి చేసి పురుగు హెచ్చించు సంతతి?
కూన కెవరు దిక్కు? కూర్మి తోడ
నేమి చేసె నామె? యివె జవాబులు మూడు
గ్రుడ్డు పెట్టి, తల్లి, కుడిపె పాలు

నిర్వాహకుడు:
భేష్! ఏ-హె యతి కూడా శాస్త్రోక్తం.

పలుపుతాడు:
అక్కా, అడ్డుపడుతున్నందుకు ఏమనుకోవద్దు. అన్ని పురుగులూ గ్రుడ్లు పెట్టవు. బోదకాలు పురుగు నేరుగా పిల్లల్నే రక్తంలోకి వదులుతుంది. నారికురుపు పురుగు, రోగి కాలు నీళ్ళలో పెట్టగానే పిల్లల్ని కక్కేది. మన దేశంలో 1996తో దాని పీడ విరగడైంది కానీ, ఎండాకాలం దిగుడుబావుల కథలు మా తాత చెప్పేవాడు. పాలిచ్చేదేమో గ్రుడ్డు పెడుతుంది, పురుగేమో పిల్లల్ని కంటుంది. ఏం చేస్తాం!

సుద్దముక్క:
ఒప్పుకున్నాను. 'ఏమి చేసి పెరుగు నేలికపాములు?' అని మార్చుకుంటున్నాను. ఆడ ఏలికపాము రోజుకు రెండు లక్షల దాకా గ్రుడ్లు పెడుతుంది, దాని విషయంలో నన్నెవరూ తప్పుపట్టలేరు.

ముంతమజ్జిగ:
ఇంత చదువు నాకు లేదు. మా వాడి బళ్ళో ఫిబ్రవరి 10న ఆల్బెండజోల్ మాత్ర చప్పరించి వచ్చిన సాయంత్రం రాసింది.

నులిపురుగుల మాత్ర నోట నమిలినట్టి
చిట్టి కొడుకు వచ్చె; చేరఁ బిలిచి
వేడి వేడి బువ్వ వెండిగిన్నెను కోడి
గ్రుడ్డు పెట్టి తల్లి కుడిపె పాలు

నిర్వాహకుడు:
అమ్మా! మేమంతా ఆస్ట్రేలియా దాకా పోయి వచ్చాం, మీరు వంటింట్లోనే విప్పేశారు. 'పెట్టి' అంటే వడ్డించి. 'కోడి' మూడో పాదం చివర ఆగి, 'గ్రుడ్డు' నాలుగో పాదంలో అందుకోవడం చూశారా, సమస్యలోని అసంబద్ధతంతా అక్కడే కరిగిపోయింది. 'గిన్నెను' అంటే గిన్నెలో అని అన్వయించుకున్నాను. ఈ వారం నా ఓటు దీనికే.

సుద్దముక్క:
నాదీ దీనికే. ప్లాటిపస్ ఏమీ అనుకోదు.

నిర్వాహకుడు:
వచ్చే వారానికి ఇదిగో, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

పాము గాని పాము పాలు కోరె

పలుపుతాడు:
గురువుగారూ, దీనికీ నా దూడనే తోలుకొస్తాను. వానపామును ఎవరూ తేకూడదని ముందే చెప్పండి.